‘అర్థమయ్యిందండీ’ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘అర్థమయ్యిందండీ’ గారికి,

కోనసీమలోని ఒకానొక హైస్కూలు స్టాఫ్ రూము నమస్కరించి రాయునది. ఇక్కడంతా క్షేమం. తమరు మరీ క్షేమం అని మాకు రోజూ తెలుస్తూనే ఉంది. మేస్టారు “అర్థమైందా?” అనడమే ఆలస్యం, యాభై గొంతులు ఒక్కటై తమరు కిటికీ రెక్కలు అదిరేలా విచ్చేస్తారు. మేస్టారికి తృప్తి, పిల్లలకి విముక్తి. సిలబస్సూ ముందుకు కదులుతుంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. బెరుకు పిల్లలకి తమరు చేసే సేవ ఇంకెవరూ చెయ్యలేరు. ఎనిమిదో తరగతి, మూడో బెంచీ, గోడవార కూర్చున్న పిల్లని చూడండి. ‘అర్థమయ్యి’ దాకా పెదాలు కదలవు. చివరి ‘అండీ’ దగ్గర మాత్రం నోరు తెరుచుకుంటుంది, అదీ పక్కపిల్ల నోరు చూసి, అర క్షణం ఆలస్యంగా. గొంతు రాదు. జూన్ నుంచి ఏప్రిల్ దాకా బండి ఇలాగే నడుస్తుంది. ప్రోగ్రెస్ కార్డులో ‘మంచి పిల్ల, నెమ్మదస్తురాలు’ అని రాసి సంతకం పెట్టేస్తాం.

తమకున్న లోపం ఒక్కటే. ‘ఎవరు’, ‘ఎప్పుడు’ అంటే పరిగెత్తుకొస్తారు, ‘ఎందుకు’ అంటే అయిపు లేకుండా పోతారు. ధవళేశ్వరం ఆనకట్ట ఎవరు కట్టించారంటే “కాటన్ దొరండీ!” ఎప్పుడు పూర్తయిందంటే “1852 అండీ!” మరి అక్కడే ఎందుకు, కిందికొచ్చి రావులపాలెం దగ్గర కట్టకూడదా అంటే మాత్రం ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ధవళేశ్వరం దాటాక గోదారి గౌతమి, వశిష్ఠలుగా చీలిపోతుంది. చీలకముందే, డెల్టాకి తలాపున నీటిమట్టం లేపితే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలవలన్నిటికీ నీళ్ళు వాటంతటవే పల్లానికి పారతాయి. గోడవార పిల్లకి ఇది తెలుసు. సార్వాలో నాన్న వెనక గట్టు మీద నిలబడి, బోదెలో నీళ్ళు ఎటు మళ్ళుతున్నాయో చూసిన పిల్ల. తెలుసుగానీ చెప్పదు. తమరుండగా చెప్పే అవసరం ఏముంది?

అందుకని తమకి ఎసరు పెట్టే ఏర్పాట్లు కొన్ని చేస్తున్నాం. ముందే తెలియజెయ్యడం మర్యాద కదా.

ప్రశ్న అడిగాక మూడు సెకన్లు నోరు మూసుకుంటాం. 1970ల్లో అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు లెక్క కట్టి చూస్తే, టీచర్లు ఆగేది ఒక్క సెకను పాటేనని తేలింది. మూడు సెకన్లు ఆగినచోట జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు కూడా మాట్లాడారు. మూడు సెకన్లేగా అనుకోకండి. రెండో సెకనుకే మొదటి బెంచీ “నేన్చెప్తానండీ” అని లేచి నిలబడుతుంది. కాబట్టి చేతులెత్తడం బంద్. జవాబు నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాయాలి, తెలుగులో రాసినా సరే. పక్కవాళ్ళకి చూపించాలి. లేచినవాళ్ళు చెప్పాల్సింది పక్కవాళ్ళ జవాబు, సొంతది కాదు. తప్పయితే పరువు ఇంకొకరిది కదా, బెరుకువాళ్ళకి ఈ ఏర్పాటు భలే నచ్చుతుంది.

ఎవర్ని లేపాలో ఐస్‌ఫ్రూట్ పుల్లలు తేలుస్తాయి. పుల్లకో రోల్ నంబరు, అన్నీ ఒక డబ్బాలో. తీసిన పుల్ల మళ్ళీ డబ్బాలోకే వెళ్ళాలి, లేకపోతే వంతు అయిపోయినవాళ్ళు ఆ రోజుకి పాఠం వినరు. వరస నంబర్లతో లేపడం ఇంకా ఘోరం. 32వ నంబరు పిల్లకి ఒకటి నుంచి 31 దాకా చెమటలే.

ఇక గొంతు సంగతి. పిల్ల సన్నగా గొణిగితే మేస్టారు జాలిపడి దగ్గరికెళ్ళి, చెవి వంచి విని, అదే మాట తను గట్టిగా తరగతికి చెప్తారు. తమకి ఇంతకన్నా నమ్మినబంటు దొరకడు. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఆ గొంతు ఇంకా దిగిపోతుంది, వినేది ఒక్కరే కాబట్టి. చెయ్యాల్సింది వెనక్కి నడవడం. గుమ్మం దాకా వెళ్ళి నిలబడి “ఇక్కడికి రావట్లేదమ్మా” అంటే, గుమ్మానికి చేరాల్సిన మాట దారిలో ఉన్న యాభైమందికీ చేరుతుంది.

తరవాత ప్రార్థన మైకు. ఏకంగా ఆగస్టు 15కి ఉపన్యాసం బట్టీ పట్టించి ఎక్కించేస్తే, నాలుగో వాక్యంలో ఒక మాట జారుతుంది, దాని వెనక మిగతావన్నీ జారిపోతాయి. మొదట ప్రతిజ్ఞ చెప్పించాలి. 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు తెలుగులోనే రాసిన ప్రతిజ్ఞ. పిల్ల ఒక ముక్క అంటే స్కూలంతా వెంట అంటుంది. గమనించారా, ఇక్కడ తమరే ఆ పిల్ల కొలువులో చేరుతున్నారు! రెండు వారాలు అదయ్యాక వార్తలు. మూడే వార్తలు, ఒక్కోటి రెండు లైన్లు, సొంత దస్తూరితో, ఊపిరి తీసుకోవాల్సిన చోట నిలువు గీత. ముందురోజు సాయంత్రం మైకు లేకుండా, జెండా కర్ర దగ్గర నిలబడ్డ నేస్తానికి వరండాలోంచి వినిపించాలి. మైకు నోటికి నాలుగు వేళ్ళ దూరంలో, కాస్త పక్కకి ఉండాలి. మరీ ఎదురుగా పెడితే ‘ప’, ‘భ’ టపాకాయల్లా పేలతాయి. అన్నిటికన్నా ముందు స్టాండు దించాలి. పదో తరగతి కుర్రాడి ఎత్తుకి బిగించిన మైకు కోసం పొట్టి పిల్ల మునివేళ్ళ మీద లేచిందా, వెనక వరస నవ్వుతుంది, ఆ పిల్ల మళ్ళీ సంక్రాంతి సెలవుల దాకా మైకు వంక చూడదు.

దిగి వచ్చాక “హమ్మయ్య, మూగనోము వదిలిందే!” అని ఏ మేస్టారూ అనకూడదు. “రెండో వార్త వెనక్కి దాకా వినపడింది” అంటే చాలు.

తమని పూర్తిగా వెళ్ళగొట్టే ఉద్దేశం లేదు. ఎక్కాలున్నాయి, పద్యాలున్నాయి, ప్రతిజ్ఞ ఉండనే ఉంది. వాటితో కాలక్షేపం చేసుకోగలరు.

ఇట్లు,
తమ పాత విధేయులు,
స్టాఫ్ రూము

తా.క.: ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు తనిఖీకి వచ్చే రోజు మాత్రం పై విషయాలేవీ మనసులో పెట్టుకోకుండా, ఉదయం తొమ్మిదికల్లా ప్రతి తరగతిలోనూ సిద్ధంగా ఉండగలరు.