తడిసిన అట్టపెట్టె పాండిత్యం

శనివారాలు ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే "తాగుతుంటాను" అని చెప్పుకోవాల్సిన అవస్థ నాకు తప్పింది. "చుట్టుపక్కల వైనరీలు చూసొస్తుంటాను" అంటాను. వైనరీ అంటే వైన్ తయారుచేసి, వచ్చినవాళ్ళకి రుచి చూపించే చోటు. అడిగినవాళ్ళు మ్యూజియం నుంచి వచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు. రెండూ ఒకటే కదా అనే అజ్ఞానులు ఇంకా కొందరున్నారు. వాళ్ళ కోసమే ఈ శ్రమ.

మామూలు తాగుబోతు కూర్చుని తాగుతాడు. మేం నిలబడతాం. వాడు గ్లాసు అందుకున్నదే తడవు గొంతులో పోసుకుంటాడు. మేం ముందు దాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తాం, పక్కకి వంచి రంగు చూస్తాం, గుండ్రంగా తిప్పుతాం, ముక్కు లోపలిదాకా పెట్టి కళ్ళు మూసుకుంటాం. ఆ తర్వాత నోట్లో పోసుకుని పుక్కిలిస్తాం. పుక్కిలించాక ఉమ్మేయడం శాస్త్రం. అందుకోసం బల్ల మీద ఒక తొట్టె కూడా పెడతారు. ఇన్ని వారాల్లో మా బృందం నుంచి దాన్ని వాడింది ఒక్కరే, అదీ చూయింగ్ గమ్ పారేయడానికి.

లెక్క కూడా దాచను. ఒక్కో వైనరీలో ఆరు రకాలు పోస్తారు. ఒక్కోటి 50 మిల్లీలీటర్లు అనుకున్నా 300 అవుతుంది. రోజుకి మూడు వైనరీలు తిరుగుతాం కనక 900. సీసా అంటే 750. పొద్దుగూకేసరికి మనిషికి ఒక సీసా, పైన ఒక గ్లాసు. ఇదే 900 మిల్లీలీటర్లు ఇంట్లో ఒక్కడే కూర్చుని తాగితే చుట్టాలంతా ఏకమై డాక్టర్ దగ్గరికి లాక్కుపోతారు. మూడు చోట్ల, మూడు పీపాల పక్కన నిలబడి తాగితే దాన్ని అభిరుచి అంటారు.

ఈ చదువుకి కారు నడిపే త్యాగమూర్తి ఒకడు ఉండాలి. మాకు మా తోడల్లుడు దొరికాడు. చుక్క ముట్టడు, విసుక్కోడు. అతనిలో ఉన్న లోపం ఒక్కటే, ప్రశ్నలు అడుగుతాడు. మొదటిరోజే ఆ తొట్టె చూసి "అన్నయ్యగారూ, ఉమ్మేసేదానికి డబ్బులు కట్టడమెందుకండీ?" అన్నాడు. తాగనివాడికి ఏం చెబుతాం? నవ్వి ఊరుకున్నాను.

ప్రతి వైనరీకీ ఒక స్థలపురాణం ఉంటుంది. అది వింటేగానీ గ్లాసు చేతికి రాదు. ముందు తోటలో వరుస చివరనున్న గులాబీ మొక్క దగ్గర ఆపుతారు. బూడిద తెగులు వస్తే ద్రాక్షకన్నా ముందు గులాబీ మీద కనిపిస్తుందనీ, వెనకటివాళ్ళు అందుకే నాటేవాళ్ళనీ చెబుతారు. అందరం గులాబీని ఎన్నడూ చూడనట్టు చూస్తాం. తర్వాత ఫిలాక్సెరా కథ. 19వ శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన పేనులాంటి పురుగు ఫ్రాన్స్‌లో ద్రాక్షతీగల వేళ్ళు పట్టి తోటలకి తోటల్ని ఎండబెట్టింది. చివరికి ఆ పురుగుని తట్టుకునే అమెరికా తీగల వేళ్ళనే తెచ్చి, వాటి మీద తమ తీగలు అంటుకట్టి బతికించుకున్నారు. నిజంగా మంచి కథ. కాకపోతే ఏడోసారి వింటున్నప్పుడు పురుగు మీద జాలి పుడుతుంది.

ఆ తర్వాత పీపాల గది. ఒక ఓక్ పీపాలో 225 లీటర్లు, అంటే 300 సీసాల సరుకు. చెక్కలోంచి కొద్దికొద్దిగా ఆవిరైపోయేదాన్ని దేవతల వాటా అంటారట. మాతో వచ్చిన ఒకాయన "మరి మన వాటా ఎప్పుడు?" అనేశాడు. ఆయన్ని మళ్ళీ పిలవలేదు. అందరి మనసులో ఉన్న మాట పైకి అనేవాళ్ళతో విద్యాయాత్రలు సాగవు.

ఇక నా విషయం. అప్పటికి ఐదో వారమో ఆరో వారమో. బల్ల చుట్టూ ఎనిమిది మందిమి ఉన్నాం. పోసే అమ్మాయి అందరికీ ఎర్ర వైన్ పోసి, వాసన చూసి ఏం తడితే అది చెప్పమంది. మొదటాయన "బ్లాక్‌బెర్రీ" అన్నాడు. పక్కావిడ "దేవదారు చెక్క" అంది. మూడో ఆయన కళ్ళు మూసుకుని, చాలాసేపు ఆగి, "పాత తోలు జీను" అన్నాడు. ఆయన జన్మలో గుర్రమెక్కిన దాఖలా లేదు. ఒకరు చెప్పగానే మిగతావాళ్ళు గ్లాసులో మళ్ళీ ముక్కుపెట్టి, అవునవునంటూ తలూపుతున్నారు. వరస నా దగ్గరికి వచ్చింది. నాకు ఏ పండూ తట్టలేదు, ఏ చెక్కా తట్టలేదు. టెన్షన్‌లో నిజం చెప్పేశాను.

"తడిసిన అట్టపెట్టె."

ఎవరూ తలూపలేదు. పాత తోలాయన నావంక జాలిగా చూశాడు. ఆ అమ్మాయి నా గ్లాసు తీసుకుని వాసన చూసింది. ఇంకోసారి చూసింది. మొహం కందిపోయింది. "సారీ సార్, బిరడా చెడింది" అంటూ అందరి గ్లాసులూ గబగబా వెనక్కి తీసుకుంది. బ్లాక్‌బెర్రీతో, దేవదారుతో, గుర్రపు జీనుతో సహా.

అది ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం చేసే పనట. బిరడాలో పుడుతుంది. లీటరుకి కొన్ని నానోగ్రాములుంటే చాలు, ఏళ్ళ తరబడి పెంచిన వైన్ కాస్తా వానకి తడిసిన గోడౌన్ అయిపోతుంది. ఒంటికి హాని లేదు, తాగి మెచ్చుకున్నవాళ్ళ పరువుకి తప్ప.

కొత్త సీసా తెరిచి మొదట నాకే పోశారు. ఏడు జతల కళ్ళు నా ముక్కు మీద. "ఇప్పుడు చెప్పండి సార్" అంది ఆ అమ్మాయి, చేతులు కట్టుకుని. నాకు తెలిసిన వాసన ఒక్కటీ అప్పటికే వాడేశాను. గ్లాసుని తిప్పి, తిప్పి, ఇక తిప్పితే బాగోదనిపించాక "ఇంకా విచ్చుకోలేదు" అన్నాను. అందరూ తలూపారు. పాత తోలాయన డైరీ తీసి రాసుకున్నాడు.

అలా పండితుణ్ణయ్యాను. పండితుడన్నాక మాటలు కావాలి. వైన్ వాసనలకి వాడాల్సిన మాటలన్నీ రాసిపెట్టిన చక్రం ఒకటుంది. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో యాన్ నోబుల్ అనే ఆచార్యురాలు 1980ల్లో తయారుచేశారు. మధ్యలో 'పళ్ళు' అని ఉంటే దాని బయట 'బెర్రీలు', అంచున 'బ్లాక్‌బెర్రీ', 'బ్లాక్‌కరెంట్' అని ఉంటాయి. గాలి మాటలు మాని అందరూ ఒకే మాట వాడాలని ఆవిడ ఉద్దేశం. తడిసిన అట్ట కూడా అందులో ఉంది, చూసి కళ్ళు చెమర్చాయి. చిక్కల్లా ఏమిటంటే, బ్లాక్‌కరెంట్ పండు నేను పుట్టి బుద్ధెరిగి తినలేదు. అది ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఈ వైన్‌లా ఉంటుందని మాత్రం గట్టిగా చెప్పగలను.

మిగతా మాటలు వాడుకలో పట్టుబడ్డాయి. ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి వచ్చే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లని పట్టుకోవడంతో నోరు గరుకెక్కుతుంది. దానికి మనకి వగరు అనే మూడక్షరాల మాట ఏనాటినుంచో ఉంది. కానీ "వగరుగా ఉంది" అంటే ఫిర్యాదులా ఉంటుంది. "టానిన్లు గట్టిగా నిలబడ్డాయి" అంటే అవతలివాళ్ళు ఇంకాస్త పోస్తారు. పుల్లగా ఉంటే చురుకుదనం. నీళ్ళలా ఉంటే సున్నితం. బ్రెట్టనోమైసెస్ అనే ఈస్ట్ చేరి గుర్రపుశాల కంపు కొడితే వ్యక్తిత్వం. అందని ద్రాక్ష పుల్లన అన్నది పాత సామెత, అందిన ద్రాక్షని పుల్లన అనకుండా ఉండటానికి ఎంత చదువు కావాలో ఆ నక్కకేం తెలుసు?

గ్లాసు గోడల మీద జారే చుక్కల సంగతి మరో ముచ్చట. వాటిని వైన్ కన్నీళ్ళు అంటారు. వాటిని చూసి నాణ్యత తేల్చేవాళ్ళు ప్రతి బల్ల దగ్గరా ఒకరుంటారు, ఈ మధ్య అది నేనే. ఆల్కహాల్ నీటికన్నా త్వరగా ఆవిరవడంతో తలతన్యతలో తేడా వచ్చి అలా జారుతాయని, నాణ్యతకీ దానికీ సంబంధం లేదని తెలిసీ చేస్తాను. ఆ చుక్కల గుట్టు జేమ్స్ థామ్సన్ అనే ఇంజనీరు 1855లోనే విప్పాడు. సరిగ్గా ఆ 1855లోనే పారిస్ ప్రదర్శన కోసం ఫ్రాన్స్‌లోని బోర్డో వైన్ దళారులు అక్కడి షాటోలని, అంటే వైన్ చేసే ఎస్టేట్లని, ముఖ్యంగా అవి పలికే ధరలనిబట్టి, ఐదు తరగతులుగా విడగొట్టారు. ఆ తరగతులు లేబుళ్ళ మీద ఇప్పటికీ వెలుగుతున్నాయి. థామ్సన్ పేరు ఏ లేబుల్ మీదా నాకు కనబడలేదు.

మాలాంటివాళ్ళంటే గిట్టని శాస్త్రజ్ఞులు కొందరున్నారు. బోర్డోలో వైన్ విద్య చదివే 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇస్తే, వాళ్ళు ఎక్కువగా ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారని 2001లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. ఎర్రగా కనిపించినదాన్ని ఎర్రటిదని నమ్మడం సంస్కారం కాదా? స్వయంగా వైనరీ నడిపే రాబర్ట్ హాడ్జ్‌సన్ అయితే మరీ దారుణం. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీల్లో న్యాయనిర్ణేతలకి ఒకే సీసాలోని వైన్‌ని, మిగతావాటి మధ్యలో, చెప్పకుండా మూడుసార్లు పోయించాడు. మూడింటికీ ఇంచుమించు ఒకే మార్కులు వేసినవాళ్ళు పదిమందిలో ఒక్కరు. ఒకే సీసాకి మూడు తీర్పులు ఇవ్వగలగడం ఎంత విశాల హృదయమో ఆయనకి తట్టినట్టు లేదు.

కొనుగోళ్ళ గురించి ఎక్కువ చెప్పను. మొదటి వైనరీలో "ఆలోచించి చెబుతాం" అంటాం. రెండోదాంట్లో ఒక సీసా. మూడోదాంట్లో ఆరు సీసాలు, సభ్యత్వం, ఒక టోపీ. మా ఇంట్లో ఉన్నవన్నీ మూడో వైనరీ సీసాలే. బిరడా ఎండిపోకూడదని అన్నింటినీ బట్టల అలమారాలో పడుకోబెట్టాను. బట్టలు కుర్చీల మీద నిలబడి ఉన్నాయి.

పోయిన ఆదివారం మా బృందమంతా ఇంటికొచ్చారు. అందరిలోకీ పాత సీసా తీసి తెరిచి, ముందుగా నేనే వాసన చూశాను. అనుమానం లేదు. ఈ లోకంలో నాకు నిక్కచ్చిగా తెలిసిన ఒకే ఒక వాసన.

ఎనిమిది గ్లాసులు నా ముందున్నాయి. ఆ సీసా నేను ఎంచినది. సభ్యులకి మాత్రమే ఇచ్చే సరుకని పొద్దున్నించీ ఊరించి చెప్పినది.

"కాస్త గాలి తగలాలి" అని అందరికీ పోశాను.

పాత తోలాయన కళ్ళు మూసుకుని "అడవిపళ్ళు" అన్నాడు. పక్కావిడ "వాన పడ్డ అడవి" అని సవరించింది. అందరం తలూపాం. మా తోడల్లుడు మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి, అలమారా కింద ఉన్న అట్టపెట్టెల్ని ఒక్కొక్కటే తిరగేసి, ఏది తడిసిందోనని అడుగున చేత్తో తడిమి చూస్తున్నాడు.