పుడ్డింగుల పెద్దమనిషి హాగిస్ గారికి

మహారాజశ్రీ హాగిస్ గారి సముఖానికి,

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నుంచి ఒక తెలుగువాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగాను. నిన్న జనవరి 25, స్కాట్లాండ్ కవి బర్న్స్ పుట్టినరోజు విందు. రాత్రి ఎనిమిదింటికి పళ్లెంలో మీ పొట్టలో కత్తి దిగడం కళ్లారా చూసినవాణ్ణి, ఇంకా మీ కుశలం ఏమని అడగను?

మీకు ఇలాంటి రాతలు కొత్త కాదు. 1786లోనే రాబర్ట్ బర్న్స్ మిమ్మల్ని ఎదురుగా పెట్టుకుని ఎనిమిది చరణాలు రాశాడు. పుడ్డింగుల (తీపివి కావు, పొట్టలో, పేగుల్లో కూరి వండేవి) జాతికే మహానాయకుడివన్నాడు. గొర్రె గుండెకాయ, కార్జం, ఊపిరితిత్తులు తరిగి, ఓట్స్, కొవ్వు, ఉల్లిపాయ కలిపి గొర్రె పొట్టలోనే కూరి ఉడికించిన పదార్థానికి ఎంత మర్యాదండీ! మా సిద్దిపేట వైపు బోటీ లేనిదే దావత్ దావతే కాదు. అయినా బోటీ గిన్నె వస్తుంటే జనం లేచి నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

నిన్న మా ఆఫీసువాళ్ల విందులో మీకోసం లేచి నిలబడ్డాం. ముందు బ్యాగ్‌పైపు ఊదే ఆయన, వెనక పళ్లెంలో మీరు, మేమంతా తాళం వేసినట్టు చప్పట్లు. పద్యం చదివింది మా టీమ్‌లోని ఎయిర్‌షైర్ ఆయన, బర్న్స్ సొంత ప్రాంతం మనిషి. మీటింగుల్లో ఆయన ఇంగ్లీషు వింటే రేడియోలో వార్తలు చదువుతున్నట్టుంటుంది. అమ్మ ఫోన్ చేస్తే మాత్రం కారిడార్‌లోకి పోతాడు. అక్కడ స్కాట్స్‌లో, అంటే ఇక్కడి ఇంటి భాషలో, 'డినే కెన్' అంటాడు. అంటే 'ఏమో, నాకు తెల్వదు'. నిన్న ఆ కారిడార్ గొంతు మొదటిసారి మైకులో విన్నాను. మూడో చరణంలో కత్తిని చొక్కా చేతికి తుడిచి, ఎత్తి, ఒక్క పోటు. ఆవిరి బుస్సున లేచింది. హాలంతా ఈలలు.

ఆ చరణంలో 'డిఖ్ట్' అనే మాట ఉంది, తుడవడమని. పక్కనున్న గ్లాస్గో కుర్రాణ్ణి అడిగితే, "పుస్తకం వెనకాల అర్థాలుంటాయి, చూసుకో" అన్నాడు. తప్పు ఆ కుర్రాడిది కాదు లెండి. 1786లో కిల్మార్నాక్‌లో 612 కాపీలు వేసి, మూడు షిల్లింగులకు అమ్మిన మొదటి పుస్తకంలోనే బర్న్స్ కఠిన పదాలకు అర్థాలు ఇచ్చుకున్నాడు.

అయ్యా, మీకూ స్కాట్స్ భాషకూ జరిగే మర్యాద ఒక్కటే. ముందు బాజా, తర్వాత దండం, ఆ తర్వాత కత్తి. డేవిడ్ హ్యూమ్ అంతటి తత్వవేత్త తన ఊరి మాటలు రాతలో దొర్లకూడదని వాటికి జాబితా వేసుకున్నాడు. బళ్లలో పిల్లల చేతుల మీద ఆడిన తోలు బెల్టుకు ఫైఫ్‌లోని లోక్‌గెల్లీ పేరుమోసిన ఊరు. ప్రభుత్వ బళ్లలో ఆ బెల్టు పోయింది 1987లో. జనవరిలో బర్న్స్ పద్యం అప్పజెప్పిన పిల్లాడికి సర్టిఫికెట్, ఫిబ్రవరిలో అదే భాషలో జవాబు చెప్పినందుకు చేయి ఎర్రబడటం. (నేను కాలేజీలో 'గట్ల కాదు సార్' అన్నప్పుడు బెల్టు తీయలేదు, క్లాసంతా నవ్వింది. సినిమాల్లో మా మాట ఎక్కువగా రౌడీకో జోకర్‌కో దక్కేది.) 2025లో స్కాట్స్‌కు అధికార హోదా ఇస్తూ చట్టం కూడా చేశారు. మా మీటింగుల్లో మాత్రం ఇంకా ఆ రేడియో వార్తల ఇంగ్లీషే నడుస్తోంది.

మీ కవిగారు కూడా తక్కువేం తినలేదు. ఎడిన్‌బరో పెద్దలు 'దేవుడే చదువు చెప్పిన నాగలివాడు' అని మురిసిపోతుంటే, ఇంగ్లీషు కవులు పోప్‌నూ షేక్‌స్పియర్‌నూ చదువుకున్న ఆ మనిషి కాదనలేదు. ఉత్తరాలేమో నున్నటి ఇంగ్లీషులో రాసేవాడు. స్కాట్స్‌లో రాసింది మనకు దొరికినంతలో ఒక్కటే, 1787లో ఒక స్నేహితుడికి.

ఇదంతా వెక్కిరిద్దామనే నేను విందుకొచ్చాను. మీ పని అయిపోయాక ఒకావిడ లేచి బర్న్స్ ఎలుక పద్యం ఎత్తుకుంది. 1785 నవంబరులో నాగలి తగిలి గూడు చెదిరిన ఎలుక. 'వీ, స్లీకిట్, కౌరిన్, టిమరస్ బీస్టీ' అనేసరికి, ఒక్క ముక్కకూ అర్థం చూడకముందే, అరచేతిలో వణుకుతున్నంత దగ్గరగా కనిపించింది. ఇంటికొచ్చి పద్యం మళ్లీ చదివితే ఒక తమాషా దొరికింది. ఎలుక బెదురుతున్నంతసేపూ స్కాట్సే. మనిషి పెత్తనం వల్ల ప్రకృతితో పొత్తు చెడిందని క్షమాపణ అడిగేచోట మాత్రం కవి కాలర్ సర్దుకుని ఇంగ్లీషులోకి వచ్చేస్తాడు. మళ్లీ గూడు, గడ్డి, చలిగాలి అనగానే ఇంటి మాటే. మా ఎయిర్‌షైర్ ఆయన కారిడార్‌లోకి పోయి వచ్చినట్టే ఉంది.

చివర్లో చేతులు పట్టుకుని 'ఆల్డ్ లాంగ్ సైన్' అనే పాత స్నేహాల పాట పాడాం. ఆ బాణీ నాకు దేహ్రాదూన్ మిలిటరీ అకాడమీ పరేడ్‌లో విన్నదే. రవీంద్రుడు దానికి బెంగాలీ మాటలు కట్టాడు, జపాన్ దుకాణాల్లో మూసేవేళ అదే వేస్తారు. ఒక ముసలాయన పాడుతుంటే విని రాసుకున్నానన్నాడు బర్న్స్. మొదటి చరణం అందరూ గట్టిగా పాడారు. రెండో చరణంలో అందరి పెదాలూ ఆడాయి, మాటలు మాత్రం రాలేదు. పురోహితుడి వెనక మంత్రం చెప్పే పెళ్లికొడుకు గుర్తొచ్చాడు. ఆ పెళ్లికొడుకుల్లో నేనూ ఒకణ్ణి. మా ఎయిర్‌షైర్ ఆయన ఒక్కడే కళ్లు మూసుకుని చివరిదాకా పాడాడు.

విందులో మిగిలిన మిమ్మల్ని ఒక డబ్బాలో పెట్టి నాకిచ్చారు. ప్రస్తుతం మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఉన్నారు. రేపు పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి వేపుతుందట మా ఆవిడ. బాజా ఉండదు, ఎవరూ లేచి నిలబడరు, పద్యం అసలే ఉండదు. ఏమీ అనుకోకండి.

ఇట్లు,
మీ వేపుడు కోసం ఎదురుచూస్తున్న
ఒక సిద్దిపేటవాడు