శ్రీయుత ఓనర్ లోన్ గారికి, అనంతపురం నుంచి

మహారాజశ్రీ ఓనర్ లోన్ గారికి,

అనంతపురం కమలానగర్‌లో ఒక ఆడిటర్ గారి దగ్గర పద్దులు రాసుకునే గుమాస్తా నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగను. మీకెప్పుడూ ఏమీ కాదు. అయ్యేదంతా మీరు కాలు పెట్టిన ఫుట్‌బాల్ క్లబ్బుకే.

నేనెవరో మీకు తెలియదు గానీ మీరు నాకు బాగా తెలుసు. ఓనరు తన క్లబ్బుకే ఇచ్చే అప్పు మీరు. ఇంగ్లండ్‌లో కంపెనీల లెక్కలు కంపెనీస్ హౌస్ అనే సర్కారీ ఆఫీసులో ఉంటాయి. రూపాయి కట్టకుండా ఎవరైనా చూడొచ్చు. పగలంతా చెనక్కాయల వ్యాపారుల జీఎస్టీ లెక్కలు చూసి, రాత్రి అన్నం తిన్నాక మిద్దె మీద పడుకుని ఫోన్‌లో లీగ్ వన్, లీగ్ టూ అనే కింది మెట్ల క్లబ్బుల బ్యాలెన్స్ షీట్లు చదువుతాను. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది. "ఫుట్‌బాల్లో గోల్స్ చూసేవాళ్లున్నారు, బాకీలు చూసేది మిమ్మల్నే చూస్తున్నా" అంటుంది.

మీరు ఎక్కడో చివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో దొరుకుతారు. క్లబ్బు డైరెక్టరు గారికి ఇన్ని లక్షల పౌండ్లు బాకీ, వడ్డీ లేదు, తాకట్టు లేదు, అడిగినప్పుడు చెల్లించాలి. చదవగానే ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. "తమరు గానీ, తమ ఆర్డరు పొందినవారు గానీ కోరినప్పుడు చెల్లించగలవాడను" అని రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించుకునే మన ప్రోనోటు భాషే అది. తేడా ఒక్కటే. ప్రోనోటు రాయించుకున్నాయన్ని మా ఊళ్లో అప్పులాయన అంటారు, ఎదురొస్తే సందులోకి తప్పుకుంటారు. మీ దగ్గర ఆయన్ని క్లబ్బును కాపాడిన దేవుడంటారు, స్టాండుకు ఆయన పేరు పెడతారు.

తప్పంతా ఆ "పెట్టాడు" అనే మాటలో ఉంది. "మా ఓనరు ఇంత డబ్బు పెట్టాడు" అని అభిమానులు గుండె నిండా చెప్పుకుంటారు. అన్నం పెట్టాడు అన్నట్టే వినిపిస్తుంది మరి. అన్నం పెట్టినాయన మళ్లీ వచ్చి నువ్వు తిన్నది ఇన్ని ముద్దలు అని చెప్పడు కదా. షేర్లు కొని పెట్టుంటే ఆ డబ్బు క్లబ్బుదే అయ్యేది, ఆట పోతే ఆయన డబ్బూ పోయేది. అప్పుగా పెట్టాడు కాబట్టి రేపు క్లబ్బు మునిగినా అప్పులవాళ్ల వరసలో ఆయనా నిలబడొచ్చు, పైగా అందరికంటే పెద్ద అంకెతో.

ఇంకో తమాషా. చాలా క్లబ్బుల్లో ఏటా లెక్కలు మూసేటప్పుడు ఓనరు ఆడిటరుకు ఒక ఉత్తరం ఇస్తాడు. వచ్చే 12 నెలలు నా బాకీ అడగను, ఖర్చులకు తక్కువైతే సర్దుతాను అని. ఆ కాగితం చూసుకునే ఆడిటరు "సంస్థ నడుస్తోంది" అని సంతకం చేస్తాడు. నూరేళ్లు దాటిన క్లబ్బు ఆయుష్షు మా టీవీఎస్ ఎక్సెల్ ఇన్సూరెన్సులాగా ఏడాదికోసారి రెన్యువల్ అన్నమాట. ఓనరు భార్యతో గొడవపడినా, ఆయన ఫ్యాక్టరీకి ఆర్డర్లు తగ్గినా రెన్యువల్ ఉండదు.

మీరు ఎందుకు పుడతారో కూడా నాకు తెలుసు. టీవీ డబ్బంతా పైనున్న ప్రీమియర్ లీగ్‌లో పారుతుంది, కిందికొచ్చేసరికి తడి తప్ప ఏమీ ఉండదు. ఒక్క మెట్టు ఎక్కితే చాలు అనే ఆశతో, వచ్చే రాబడికి మించి ఆటగాళ్లకు జీతాలిస్తారు. ఇది అనంతపురంవాడికి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని పాయింట్ చూసేవాడు చెప్పిన చోటల్లా బోరు వేయడం మేము ఎరుగుదుం. 400 అడుగుల్లో దుమ్ము. 600లో దుమ్ము. "ఇంకో వంద దిగితే పడతాయన్నా" అంటాడు రిగ్గు దగ్గర నిలబడ్డ ఏజెంటు. జనవరిలో కొత్త స్ట్రైకర్‌ని కొనమనే ఏజెంటూ అచ్చం ఇదే గొంతుతో మాట్లాడతాడని నా అనుమానం. కాకపోతే ఇక్కడ బోరు వేయించిన రైతే అప్పు మోస్తాడు. అక్కడ బోరు వేయించేది ఓనరు, అప్పు మోసేది పొలం.

నీళ్లు పడిన బోరు కూడా ఒకటి చూశాను. స్కాట్లండ్ సరిహద్దులో గ్రెట్నా అని చిన్న ఊరు, జనం మూడు వేలు. బ్రూక్స్ మైల్సన్ అనే పెద్దమనిషి డబ్బుతో ఆ క్లబ్బు వరసగా మూడేళ్లు మూడు మెట్లెక్కింది. 2006లో స్కాటిష్ కప్ ఫైనల్లో హార్ట్స్‌తో పెనాల్టీల దాకా వెళ్లి ఓడింది. 2007లో పై లీగ్‌కి చేరింది. సొంత మైదానం ఆ లీగ్‌కు చాలక మదర్‌వెల్ వాళ్ల మైదానంలో ఆడింది. 2008లో మైల్సన్ జబ్బుపడ్డాడు, డబ్బు ఆగింది, ఆ ఏడే క్లబ్బు మూతపడింది. ఆయన్ని తిట్టడానికి నోరు రాదు. ఒక మనిషి బీపీ మీద ఒక ఊరి క్లబ్బును నిలబెట్టినందుకు మాత్రం తిట్టాలనిపిస్తుంది, ఎవర్ని తిట్టాలో తెలియక మీకు రాస్తున్నా.

మీ వంశంలో మంచివాళ్లు లేరనను. బోల్టన్ క్లబ్బును 2016లో అమ్మేటప్పుడు ఎడ్డీ డేవిస్ తనకు రావాల్సిన దాదాపు 17 కోట్ల పౌండ్లు వదిలేసుకున్నాడు. మా ఊళ్లో అంత పని చేసినాయనకి నిలువెత్తు విగ్రహం పెట్టేవాళ్లు. అయినా ఏం లాభం, ఖర్చు అలవాటు మాత్రం క్లబ్బు వదిలేసుకోలేదు. మూడేళ్లు దాటగానే అడ్మినిస్ట్రేషన్ అనే దివాలా పద్ధతిలోకి వెళ్లి, శిక్షగా తర్వాతి సీజన్ మైనస్ 12 పాయింట్లతో మొదలుపెట్టింది.

పక్కనే ఉన్న బరీకి ఆ మాత్రం అదృష్టమూ లేదు. 1885లో పుట్టి 1900లో, 1903లో ఎఫ్ఏ కప్ గెలిచిన క్లబ్బు 2018 డిసెంబర్‌లో ఎంతకు చేతులు మారిందో తెలుసుగా? ఒక్క పౌండుకు. అప్పటి లెక్కన 90 రూపాయలు. మా టవర్ క్లాక్ దగ్గర ఇద్దరు ఉగ్గాని బజ్జీ తిని టీ తాగితే అయ్యే ఖర్చు. బజ్జీలతో ప్రోనోట్లు రావు, బరీతో వచ్చాయి. మైదానం గిగ్ లేన్ అప్పటికే తాకట్టులో ఉంది. 2019 ఆగస్టు 27న, ఎవరో కొనబోతున్నారన్న ఆశతో అభిమానులు చీపుర్లు, బకెట్లు పట్టుకొచ్చి స్టేడియం ఊడ్చారు. పెళ్లివాళ్లు వస్తున్నారని ఇల్లు కడిగినట్టు సీట్లు తుడిచారు. ఆ రాత్రికే క్లబ్బును లీగ్ నుంచి తీసేశారు.

మునిగిన క్లబ్బులో ఎవరికి ముందు ఇవ్వాలన్నదానికీ ఒక పద్ధతుంది. ఆటగాళ్లకీ, వేరే క్లబ్బులకీ పూర్తిగా ఇవ్వాలి, మిగిలినవాళ్లకు దొరికినంత. 2010లో పోర్ట్స్‌మత్ మునిగినప్పుడు ఆ మిగిలినవాళ్ల జాబితాలో సెయింట్ జాన్ అంబులెన్స్ ఉంది. గ్రౌండులో కాలు విరిగితే స్ట్రెచర్ పట్టుకుని పరిగెత్తేవాళ్లు! చదివి ఆ రాత్రి ఫోన్ పక్కన పెట్టేశాను.

2025లో అక్కడ ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం వచ్చిందట. ఓనరు డబ్బు ఎక్కడిదో అడుగుతారు, మైదానం అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా రెగ్యులేటర్ అనుమతి కావాలి. సంతోషం. మీరు బెంగపడకండి, మిమ్మల్ని మాత్రం నిషేధించలేదు.

దూరపు ముచ్చట్లు నీకెందుకంటారా? మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్ కప్ ఎత్తింది. తర్వాత జీతాల బాకీలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధాలు, చివరికి ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. క్లబ్బు కూడా వలస పోతుందని మాకు అప్పుడే తెలిసింది. ఇక విరాళమంటే ఏమిటో తెలియదనుకునేరు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ వచ్చి ఆర్డీటీ అనే సేవాసంస్థ పెట్టిన జిల్లా మాది. ఆ స్పోర్ట్స్ విలేజ్‌లో పచ్చగడ్డి మీద పరిగెత్తే పిల్లల్ని చూసినవాళ్లం. ఇవ్వడానికీ అప్పివ్వడానికీ తేడా మాకు చూపుతోనే తెలుస్తుంది.

లేదు, అబద్ధమెందుకు. ఒకసారి నాకూ తెలియలేదు.

ఇరవై ఏళ్ల కిందట మా పేటలో ఒక టీమ్ ఉండేది. ప్రెసిడెంటన్న బంతులు కొన్నాడు, జెర్సీలు కుట్టించాడు, గుంతకల్లు టోర్నమెంటుకు ఆటో మాట్లాడాడు. ఆయన ఫొటోకు మేము దండ వేయలేదంటే బతికున్నాడు కాబట్టే. లెక్క రాసే పని నాది. ఒక ఆదివారం ఆయన చెల్లెలి కొడుకును సెంటర్ ఫార్వర్డ్‌గా కాకుండా బయట కూర్చోబెట్టాం. సగం ఆట అయ్యేసరికి అన్న గోల్‌పోస్టు దగ్గరికొచ్చి, కొక్కేల నుంచి నెట్టు ఒక్కొక్క ముడీ విప్పడం మొదలుపెట్టాడు. ఎక్కడా తెంపలేదు, తన వస్తువు కదా. చాపలా చుట్టి ఎక్సెల్ ముందర పెట్టుకున్నాడు.

"యాడికన్నా నెట్టు?" అని మా గోల్‌కీపర్ అడిగాడు.

"నా దుడ్లు, నా నెట్టు. మీరు ఆడుకోండప్పా, నేను వద్దన్నానా?" అన్నాడు.

మిగతా సగం నెట్టు లేకుండానే ఆడాం. గోల్ పడిన ప్రతిసారీ బంతి కాలవలోకి పోయింది.

ఆ లెక్కల పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మొన్న మీకు రాద్దామని కూర్చుని తీసి చూశాను. మొదటి పేజీలో పైన శ్రీరామ. దాని కింద ఆయన చేతి రాతే, "క్లబ్బు అభివృద్ధికి ప్రేమతో." దాని కింద ఒక గీత. గీత కింద నా రాత: అన్నకు ఇవ్వవలసినది. నెట్టు ఒకటి, రూ. 1,150.

ఇట్లు,
మీ చివరి పేజీలు చదివే గుమాస్తా,
అనంతపురం