తెల్ల పేజీ తప్పు ఫోనుది కాదు

ఫలితాల రోజునో, దరఖాస్తు ఆఖరి తేదీనాడో సైటు తెరుచుకోకపోతే అందరి నోటా ఒకటే మాట: సర్వర్ డౌన్. కొన్నిసార్లు అది నిజమే. కానీ ఏ రద్దీ లేని రోజున కూడా అదే సైటు తెల్లగా ఉండిపోయి, మధ్యలో సున్నా తిరుగుతూనే ఉంటే సర్వర్‌ని తిట్టి లాభం లేదు. అది పంపాల్సింది పంపేసి ఉంటుంది. పంపిన సరుకే మన చేతిలోని ఫోను మోయలేనంత బరువు. జనం డబ్బుతో, జనం కోసం నడిచే ఏ సైటైనా జావాస్క్రిప్ట్ (పేజీతోపాటు వచ్చి బ్రౌజర్‌లో నడిచే కోడ్, అంటే స్క్రిప్టు) అందకపోయినా పనిచేసి తీరాలి. ఇందులో బేరాలకు తావు లేదు.

వెబ్ పేజీల బరువు లెక్కగట్టే హెచ్‌టీటీపీ ఆర్కైవ్ ప్రకారం మధ్యస్థంగా ఒక పేజీ 2 ఎంబీ దాటి చాలాకాలమైంది. అందులో అర ఎంబీకి పైగా స్క్రిప్టులే. సైట్ల పనితీరును కొలిచే గూగుల్ వారి లైట్‌హౌస్ పరికరం మొబైల్ పరీక్షకు 1.6 ఎంబీపీఎస్ వేగాన్ని ప్రమాణంగా తీసుకుంటుంది. ఆ వేగంలో 2 ఎంబీ దిగడానికే 10 సెకన్లు. ఒక హాల్‌టికెట్ నంబరు అడిగే గడి, ఒక బటన్ ఉన్న పేజీ 30 కేబీ మించనక్కర్లేదు. అది అదే లైన్లో సెకనులో ఆరో వంతులో దిగిపోతుంది.

డౌన్‌లోడ్ సగం కథే. 100 కేబీ ఫొటో, 100 కేబీ స్క్రిప్టు ఒకటి కావు. ఫొటోను విప్పి తెర మీద వేస్తే పని అయిపోతుంది. స్క్రిప్టును విప్పాలి, చదవాలి, కంపైల్ చేయాలి (యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చాలి), ఆపైన నడపాలి. కుదించి పంపిన అర ఎంబీ విప్పేసరికి ఎంబీన్నర, రెండు ఎంబీలు అవుతుంది. దాన్ని నడిపే మెయిన్ థ్రెడ్డే, అంటే బ్రౌజర్ ఒకదాని తర్వాత ఒకటిగా పనులు చేసే ప్రధాన వరుసే, మన వేలి తాకిడినీ అందుకోవాలి. అది స్క్రిప్టుతో సతమతమవుతుంటే బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. మనిషి రెండోసారి, మూడోసారి నొక్కుతాడు. సర్వర్ వైపు జాగ్రత్త తీసుకోకపోతే ఒకే దరఖాస్తు రెండుసార్లు వెళ్తుంది, కొన్నిచోట్ల ఫీజు కూడా రెండుసార్లు కట్ అవుతుంది. నొక్కిన 200 మిల్లీసెకన్లలోపు తెర స్పందించాలని గూగుల్ 2024 మార్చి నుంచి తన ప్రధాన కొలమానాల్లో చేర్చింది. ఏడెనిమిది వేల ఫోనులో మన సైట్లు ఎన్ని ఆ గీతకు లోపల ఉంటాయో కొలిచి చూడమనండి.

ఇక బ్రౌజర్ల పేచీ. అసలు విషయం ఇక్కడే ఉంది. పేజీలోని విషయాన్ని రాసే హెచ్‌టీఎంఎల్‌లో తెలియని ట్యాగ్ (గుర్తు) కనబడితే బ్రౌజర్ దాన్ని పక్కన పెట్టి లోపలి అక్షరాలు చూపిస్తుంది. రంగులు, అమరిక చెప్పే సీఎస్ఎస్‌లో తెలియని వాక్యం వస్తే అదొక్కటే వదిలేసి తర్వాతిది చదువుకుంటుంది. జావాస్క్రిప్ట్‌కు ఆ ఓర్పు లేదు. విలువ లేనిచోట ఎర్రర్ రాకుండా ప్రశ్నార్థకం పక్కన చుక్క పెట్టి రాసే ‘ఆప్షనల్ చెయినింగ్’నే చూడండి. ఇది క్రోమ్‌లో 2020లో 80వ వెర్షన్‌తో, సఫారీలో 13.1తో వచ్చింది. ఐఫోన్ 6 ఐఓఎస్ 12 దగ్గరే, అంటే సఫారీ 12 దగ్గరే ఆగిపోయింది. ఆ రెండు గుర్తులు ఎక్కడో ఒక్కచోట ఉన్నా ఆ ఫోనులో ఫైలు మొత్తం చెల్లదు. వేల లైన్లలో ఒక్కటీ నడవదు. పోనీ క్రోమ్ వేసుకుందామంటే, మన దగ్గర ఐఫోన్‌లో ఏ బ్రౌజర్‌కైనా లోపల ఇంజన్ ఆపిల్ వారి వెబ్‌కిట్టే. కాబట్టి ఫలితం మారదు.

నెట్ సెంటర్లలో ఇంకా కనిపించే విండోస్ 7 కంప్యూటర్ల సంగతి మరోలా ఉంటుంది. వాటికి అందే ఆఖరి క్రోమ్ 109. జాబితాను సర్దే ‘టూసార్టెడ్’ అనే సదుపాయం వచ్చింది 110లో. ఒక్క వెర్షన్ తేడా. పేజీ దిగుతుంది, కోడ్ మొదలవుతుంది, జిల్లాల జాబితా సర్దబోయే చోట ఎర్రర్ వస్తుంది. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో (ముందే రాసిపెట్టిన కోడ్‌తో) కట్టిన సైటులో ఆ ఎర్రర్‌ను పట్టుకునే ఏర్పాటు లేకపోతే, 16వ వెర్షన్ నుంచి రియాక్ట్ ఆ పేజీలో తాను గీసినదంతా తీసేస్తుంది. అంతవరకూ కనబడిన ఫారం మాయమై తెల్ల పేజీ మిగులుతుంది. జిల్లా పేర్లు అక్షరక్రమంలో రాకపోతే ఎవరికీ నష్టం లేదు. ఫారమే లేకపోతే ఒక విద్యార్థికి ఏడాది పోతుంది.

పాత బ్రౌజర్లకు భద్రతా లోపాలుంటాయి, జనాన్ని అప్‌డేట్ చేసుకోమనాలి గానీ వాళ్ల కోసం వెనక్కి నడవడమేంటి అంటారు కొందరు డెవలపర్లు. భద్రత మాట నిజమే. మ్యాపులు, స్ప్రెడ్‌షీట్లు స్క్రిప్టు లేకుండా కుదరవన్నదీ నిజమే. కానీ కులధ్రువీకరణ పత్రం దరఖాస్తు మ్యాప్ కాదు. అప్‌డేటే రాని ఫోను చేతిలో ఉన్నవాడికి అప్‌డేట్ చేసుకోమని చెప్పడం కొత్త ఫోను కొనుక్కోమనడమే.

సైటు కట్టేవాళ్లకు పరీక్ష పెద్ద పనేం కాదు. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, కంట్రోల్-షిఫ్ట్-పీ కొట్టి, ‘డిసేబుల్ జావాస్క్రిప్ట్’ ఎంచుకుని పేజీని రీలోడ్ చేయండి. ఫారం కనబడాలి, సబ్మిట్ అవ్వాలి. తర్వాత స్క్రిప్టును ఆన్ చేసి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూను 4 రెట్లు నెమ్మదింపజేసి మళ్లీ నొక్కి చూడండి. అక్కడే ‘కవరేజ్’ తెరిస్తే దించుకున్న కోడ్‌లో ఎంత వాడకుండా పడి ఉందో ఎర్రగా కనిపిస్తుంది. బయటి సర్వర్ల నుంచి వచ్చే స్క్రిప్టులను పేజీ మొదటి భాగమైన హెడ్‌లో, ‘పేజీ చదివాకే నడుపు’ అని చెప్పే డిఫర్ అన్న మాట లేకుండా పెట్టొద్దు. అవతలి సర్వర్ నిద్రపోతే మీ పేజీ కూడా దాంతోపాటే ఆగుతుంది. పాత బ్రౌజర్లలో లేని సదుపాయాలను పూడ్చడానికి వేసే కోడ్ ముక్కలను, అంటే పాలీఫిల్‌లను, సొంత సర్వర్లోనే ఉంచుకోండి. వాటిని అందించే పాలీఫిల్.ఐఓ డొమైన్ చేతులు మారాక, 2024 జూన్‌లో దాన్ని నమ్ముకున్న సైట్లలోకి హానికర కోడ్ వెళ్లింది. బ్రిటన్ ప్రభుత్వ సైటు గవ్.యూకే 2022లో జీక్వెరీ అనే పాత జావాస్క్రిప్ట్ లైబ్రరీని తీసేసి పేజీకి 32 కేబీ తగ్గించుకుంది. అంత పెద్ద సైటు ఆ 32 కేబీని లెక్కలోకి తీసుకుంది.

తెలుగువాళ్లకు ఈ దెబ్బ కొత్త కాదు. 2000ల తొలి ఏళ్లలో మన పత్రికల సైట్లు ఎవరికి వారు సొంత ఎన్‌కోడింగ్ (ఏ అక్షరానికి ఏ సంఖ్య అన్న లెక్క) ఫాంట్లతో నడిచేవి. ఆ ఫాంట్లు వాటంతటవే దిగేది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే వార్త స్థానంలో అర్థంలేని గుర్తులు వచ్చేవి. వాటిని అందరికీ ఒకటే ప్రమాణమైన యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ పుట్టాల్సి వచ్చింది. ఆ ఏళ్ల వార్తలను తెలుగులో టైపు చేసి వెతికితే సెర్చ్ ఇంజన్లకు దొరికేవి కావు. ఒకే బ్రౌజర్‌ను నమ్ముకున్నందుకు ఒక భాష తన రోజువారీ చరిత్రనే పోగొట్టుకుంది. ఆ ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. అయినా దాని కోసమే కట్టిన ఆఫీసు సైట్ల కోసం తన కొత్త బ్రౌజర్ ఎడ్జ్‌లో ఐఈ మోడ్‌ను (పాత ఎక్స్‌ప్లోరర్‌లా నడిచే ఏర్పాటును) కనీసం 2029 దాకా మోయక తప్పడం లేదు.

ఇప్పుడు ఆ కుర్చీలో క్రోమ్ కూర్చుంది. ‘క్రోమ్‌లో ఓపెన్ చేయండి’ అన్న సలహా హెల్ప్‌డెస్కుల్లో మామూలైపోయింది. వెబ్ ఎలా ఉండాలో ప్రమాణాలు నిర్ణయించాలి. వాటి చోట ఒక కంపెనీ అలవాట్లు రాజ్యమేలితే, రేపు ఆ కంపెనీ ఏ ఫోనుకు అప్‌డేట్ ఆపేస్తే ఆ ఫోను ఉన్నవాడికి ప్రభుత్వమూ ఆగిపోయినట్టే. ప్రభుత్వ సైట్లకు మార్గదర్శకాలు 2009 నుంచీ ఉన్నాయి, 2023లో మూడో కూర్పు కూడా వచ్చింది. బిల్లు ఆపే షరతు లేనంతకాలం ఏ కాంట్రాక్టరూ వాటికి జడవడు. అందుకే కొలతలు టెండర్లోనే రాయాలి: మొదటి పేజీ కుదించాక 100 కేబీ లోపు, స్క్రిప్టు ఆపినా ఫారం సబ్మిట్ కావాలి, క్రోమ్ 109, ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం మద్దతుండే కూర్పు), ఐఓఎస్ 12 సఫారీలలో పరీక్షించిన వీడియో జతచేయాలి. ఈ మూడూ చూపించేదాకా ఆఖరి వాయిదా విడుదల చేయకూడదు.