క్యాంపర్‌వ్యాన్ గారికి వశిష్ఠ గట్టు నుంచి ఒక లేఖ

మహారాజశ్రీ క్యాంపర్‌వ్యాన్ గారికి,

వశిష్ఠ గోదావరి ఏటిగట్టున కాపురముంటున్న ఒక కొబ్బరి రైతు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి ఎడమవైపు అద్దం, వెనుక బంపరు, నెత్తి మీది సోలారు పలక కూడా ఈపాటికి కోలుకుని ఉంటాయని తలుస్తాను.

ఉగాది వెళ్లిన రెండో వారంలో తమరు మా మేనల్లుణ్ణి, అతని భార్యాబిడ్డలను కడుపులో పెట్టుకుని హైదరాబాదు నుంచి మా ఊరు వేంచేశారు. బయలుదేరే ముందు మావాడు ఫోను చేసి, "మామయ్యా, ఈసారి మీకెవరికీ శ్రమ ఇవ్వం. పడక, వంట, స్నానం అన్నీ బండిలోనే. సముద్రం, లంకలు, మడ అడవి చూసుకుంటూ, నచ్చిన చోటల్లా ఆగుతూ వెళ్తాం. ఎవరి మీదా ఆధారపడం" అన్నాడు. ఆ చివరి మాటకు మా ఆవిడ కొంచెం చిన్నబుచ్చుకున్నా, పిల్లలు వస్తున్నారన్న సంతోషంలో మరిచిపోయింది. నేను మాత్రం మరిచిపోలేదు. అప్పులూ చేబదుళ్లూ రాసుకునే పుస్తకంలో ఒక పేజీ కేటాయించి, ఆ నాలుగు రోజుల్లో తమరు ఎవరెవరి మీద ఆధారపడ్డారో వరసగా రాసుకున్నాను. ఆ పద్దు తమకు విన్నవించుకోవడానికే ఈ ఉత్తరం.

తమరిది గొప్ప వంశమని నాకు తెలియకపోలేదు. జర్మనీలో 1950లో ఫోక్స్‌వ్యాగన్ వ్యాను తయారు కావడం, మరుసటి ఏడాదికే వెస్ట్‌ఫాలియా కంపెనీ వారు అందులో మంచమూ బల్లా అమర్చడం, అక్కడి నుంచి తమరి సంతతి ఐరోపా తీరాల నిండా వ్యాపించడం చదివాను. ఆరు నెలలు చలికి ముడుచుకుపోయిన వారికి వసంతమంటే ఎండను వెతుక్కుంటూ బయటికి వచ్చే కాలం గనుక అక్కడ తమరి అవసరం ఉంది. మా చైత్రం ఎండ నుంచి పారిపోయి సావిట్లో చాప పరుచుకునే కాలం. పైగా ఆ దేశాల వారు కూడా తమకు పగ్గాలు వదిలిపెట్టలేదు. స్కాట్లాండులో 2003 నాటి భూసంస్కరణ చట్టం కొండల్లోనూ తీరాల్లోనూ తిరిగే హక్కు అందరికీ ఇచ్చింది గానీ, మోటారు బండికి ఆ హక్కు వర్తించదని అందులోనే రాసుకున్నారు. మావాడు చూసిన వీడియోల్లో ఈ ముక్క ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇల్లు కదలడమన్నది మాకు వింతేమీ కాదని కూడా మనవి చేసుకోవాలి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక తవ్విన కాలువలు నీరు పారించడానికే కాదు, పడవలు నడపడానికి కూడా. మా తాతగారి కాలంలో సాయంత్రం అన్నం మూట కట్టుకుని గూడు పడవ ఎక్కి పడుకుంటే, లాకుల దగ్గర ఆగినప్పుడల్లా ఒకసారి మెలకువ వచ్చి, తెల్లారేసరికి దిగవలసిన రేవు వచ్చేదట. గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని పడవను లాగేవారు. అందులో పడుకున్నవాడు మాత్రం "నేను ఎవరి మీదా ఆధారపడలేదు" అని అనుకునేవాడు కాదు, తాడు లాగేవాడి దగ్గు వినిపిస్తూనే ఉండేది గనుక.

ఇక పద్దు. మొదటి పేరు మా వీధి చివరి ముసలమ్మది. రెండో పంట అయిన దాళ్వా వరి కోతలు అప్పుడే మొదలయ్యాయి. కోత మిషను పచ్చి ధాన్యాన్నే రాల్చి పోతుంది గనుక, కళ్లాల్లో చోటు చాలనివారు తారురోడ్డుకు ఒక పక్కగా ఆరబోసుకుంటారు. ఆవిడ ఆ ధాన్యంలో పాదాలు ఈడ్చుకుంటూ చాళ్లు చాళ్లుగా తిప్పుతున్న సమయానికి తమరు వేంచేసి హారను మోగించారు. మిగిలిన సగం రోడ్డులో లారీలే పోతుంటాయి గానీ, తమరి పక్కకు పొడుచుకు వచ్చిన గుడారపు గొట్టానికి ఆ సగం చాలలేదు. ఆవిడ చీపురు తెచ్చి మూరెడు మేర ధాన్యం ఊడ్చి దారి ఇచ్చింది, తమరు దాటాక మళ్లీ పరిచింది, చక్రాల కింద నలిగిన గింజలను ఏరి కొంగులో వేసుకుంది. మావాడు అద్దం దించి ధన్యవాదాలు చెప్పినప్పుడు, "ఆయ్, పర్లేదు బాబూ, పెళ్లి బస్సా?" అని అడిగింది.

రెండో పేరు కరెంటు తీగలు ఎత్తిన కుర్రవాడిది. దాదాపు మూడు మీటర్ల ఎత్తున్న తమరు మా సందులోకి తిరగ్గానే, వినాయకుడి ఊరేగింపులో చేసినట్టు వాడు వెదురు గెడతో ముందు నడవవలసి వచ్చింది. తమకన్నా ఎంతో ఎత్తుగా, వెదురుతో కట్టి దేవుణ్ణి నిలిపే ప్రభలను కనుమ పండుగనాడు మావాళ్లు భుజాల మీద మోస్తూ, వరిచేలకు అడ్డం పడి, కౌశిక కాలువలోంచి దాటించి జగ్గన్నతోట తీర్థానికి చేరుస్తారు. ఆ ప్రభలకు చక్రాలు లేవు గనుక వెళ్లగలుగుతున్నాయని ఆ రోజే నాకు అర్థమైంది.

మర్నాడు అంతర్వేది. స్వామి దర్శనం సవ్యంగానే జరిగింది. దర్శనానంతరం అన్నాచెల్లెళ్ల గట్టు వైపు, వశిష్ఠ సముద్రంలో కలిసే చోట, తలుపు తెరవగానే అలలు కనబడాలన్న కోరికతో మావాడు తమరిని ఇసుకలోకి దింపాడు. వద్దన్నాను. మూడున్నర టన్నుల బరువు, సముద్రం వెనక్కి తీసే పాటువేళ తడి ఇసుక మీద నిలిస్తే ఏమవుతుందో మా ఊళ్లో పదేళ్ల పిల్లవాడికి తెలుసు. తమరు నిదానంగా, ఏమాత్రం హడావిడి లేకుండా, ఇరుసుల దాకా కూర్చున్నారు. వెనుక చక్రం తిరిగిన కొద్దీ ఇసుక మా పంచెల మీద పడింది. పోటు మొదలవడానికి ఇంక రెండు గంటలుంది.

వలలు బాగుచేసుకుంటున్న గంగపుత్రులు పదిమంది లేచి వచ్చారు. వారిలో పెద్దాయన చక్రాల్లో గాలి తీయించాడు, కొబ్బరి మట్టలు తెప్పించి టైర్ల ముందు అడ్డంగా పరిపించాడు, మోకు కట్టించాడు. ఆ తరువాత నావను ఒడ్డుకు లాగేటప్పుడు పాడే పాటే అందుకుని, "ఐలేసా" అన్నప్పుడల్లా ఒక అడుగు చొప్పున తమరిని గట్టి నేలకు చేర్చారు. చివరి పదిగజాలకు ఒక ట్రాక్టరు కూడా చెయ్యి వేసింది. లోపల ఫ్రిజ్జులోని గుడ్లు పగలలేదని మా కోడలు ఆనందించింది. పెద్దాయన డబ్బు పుచ్చుకోలేదు గానీ తమరి చుట్టూ ఒకసారి తిరిగి, "బాగుందండి ఆయ్, మరి ఇది నీళ్లలో తేలదాండి?" అని అడిగాడు. తేలదని చెప్పడానికి మావాడు కొంచెం సిగ్గుపడ్డాడు.

ఆ రాత్రి మాత్రం తమరి తప్పు చిన్నది కాదు. ఒడ్డుకు కాస్త ఎగువన, గట్టినేల మీదే నిలిచి, కప్పు చుట్టూ రంగుదీపాల దండ వేసుకుని, సముద్రం వైపు పెళ్లిపందిరిలా వెలిగారు. ఆలివ్ రిడ్లీ తాబేలు రాత్రివేళ ఒడ్డెక్కి, ఇసుకలో గొయ్యి తీసి వందకు పైగా గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు వాటంతట అవే బయటపడి, నీటి మీది వెలుతురును ఆనవాలు పట్టుకుని సముద్రంలోకి నడుస్తాయి. అది సరిగ్గా తమరు విహారానికి ఎంచుకున్న కాలం. ఒడ్డున దీపం కనబడితే ఆ పిల్లలు సముద్రాన్ని వదిలి దీపం వైపు వస్తాయి, వచ్చి కుక్కలకూ కాకులకూ దొరుకుతాయి. ఈ మాట చెప్పగానే మావాడు దీపాలు ఆర్పేశాడు, ఆ గుణం వాడి అమ్మది. దీపాలు ఆరాక నక్షత్రాలు కనబడ్డాయని పిల్లలు కేకలు పెట్టారు. నక్షత్రాలు చూడడానికే కదా తమరి కప్పులో అద్దపు కిటికీ పెట్టించుకున్నది!

మూడో రోజున సఖినేటిపల్లి రేవులో, జనాన్నీ బళ్లనూ ఏరు దాటించే పంటు ఎక్కారు. అవతల నరసాపురంలో తమకు పనేమీ లేదు, పంటు మీద నిలబడిన వీడియో కావాలి, అంతే. చించినాడ వంతెన మీదుగా హాయిగా పోవచ్చునని చెప్పి చూశాను. పాటు మీద ఉన్న ఏటిలో పంటు కిందికి దిగి ఉండడంతో ఎక్కుడు పలక వాలుగా ఉంది. తమరి ముందు చక్రాలు ఎక్కాయి గానీ, వెనుక చక్రాల అవతల మరో గజం పొడవున వేలాడుతున్న తమరి పృష్ఠభాగం నేలకు రాసుకుని, రేవంతా పళ్లు పులిసిపోయే చప్పుడు చేసింది. బంపరు సంగతి మొదట్లోనే అడిగాను, మళ్లీ అడగను. పాలబిందెల వాళ్లు, రొయ్యల ట్రేల వాళ్లు, బళ్లోకి పోయే టీచరమ్మలు, వీళ్లంతా తమరికి నడిమధ్యన చోటిచ్చి అంచులకు సర్దుకుని నిలబడ్డారు. వాళ్ల పేర్లు నాకు తెలియక "పంటు జనం" అని ఒకే పద్దుగా రాసుకున్నాను.

అడవి గురించి చెప్పవలసింది తక్కువ. అమలాపురం మీదుగా పోయి, ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి దాటి, యానాం మీదుగా కోరంగి చేరారు. 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంలో తమరికి దక్కింది వాహనాలు నిలిపే జాగా. మడ అడవిని చెక్కల బాట మీద నడిచి చూడాలి. ఉప్పునీటి బురదలో నిలబడి, ఊపిరి కోసం వేర్లను మేకుల్లా పైకి పంపి, మింగిన ఉప్పును ఆకుల మీదుగా బయటికి నెట్టేసే మడచెట్టును చూసి, ఏసీ లేకుండా బతకడం ఎలాగో పిల్లలు నేర్చుకుంటారనుకున్నాను. వాళ్లు చేపలు పట్టే అడవిపిల్లి, అదే నీటిపిల్లి, ఏదని అడిగారు. అది పగటిపూట మనకోసం రాదు. హోప్ ఐలాండ్ మాట మరీ సులభం: కాకినాడ నుంచి పడవలో పోవాలి, తమరు రేవులోనే ఉండిపోయారు. లంకల సంగతీ అంతే. తీరానికి వచ్చి దిగబడి, అడవికి వచ్చి గేటు బయట నిలబడి, దీవికి రానేరాక, ముచ్చటగా మూడు యాత్రలూ పూర్తి చేసుకున్నారు.

ఇక రాయడానికి మొహమాటపడుతున్న విషయం. తమరి స్నానాలగది కింద సుమారు 20 లీటర్లు పట్టే పెట్టె ఒకటి ఉన్నదనీ, అందులో నీలిరంగు మందు పోస్తారనీ, నిండినప్పుడు ఎక్కడో ఒకచోట ఖాళీ చేయాలనీ మాకు ముందు తెలియదు. తమరి దేశాల్లో అందుకు వేరే చోట్లు కట్టి ఉంటాయట. కోరంగి నుంచి తిరిగొచ్చిన సాయంత్రం మావాడు ఆ పెట్టెను చక్రాల మీద సూటుకేసులా ఈడ్చుకుంటూ పెరట్లోకి వచ్చి, "మామయ్యా, ఇది కాలువలో..." అని మొదలుపెట్టాడు. మాట పూర్తి కానివ్వలేదు. మరమ్మతుల కోసం కాలువలు కట్టేసే రోజులు దగ్గర పడుతున్నాయి. కట్టేసే లోపల ఊరి మంచినీటి చెరువు నింపుకుంటే, మళ్లీ నీళ్లు వదిలేదాకా తాగేది ఆ నీళ్లే. ఆ కాలువ నీళ్లే చెరువులోకి ఎక్కుతున్నాయి. పోనీ మా సెప్టిక్ ట్యాంకులో పోద్దామంటే, పోయవద్దని మందు సీసా మీదే రాసి ఉంది. గొయ్యి తీద్దామంటే మా నేలలో నాలుగడుగులకే నీరు ఊరుతుంది.

మా ఆవిడ అంతా విని, "చుట్టపుచూపుగా వచ్చేవాళ్లు పూతరేకులు తెస్తారు, కాజాలు తెస్తారు. మీరేం తెచ్చార్రా నాయనా!" అంది. చైత్రంలో పులస కూర ఉందా అని అడిగిన మొదటి రోజున కూడా ఆవిడ వాణ్ణి ఇంతగా చూడలేదు. ఆ పెట్టెకు మూత బిగించి, గోనెపట్టా చుట్టి, వాళ్లు వెళ్లేటప్పుడు కొబ్బరికాయల బస్తా, కొత్తపల్లి కొబ్బరి మామిడికాయల బుట్ట ఇచ్చి, దాన్ని కూడా భద్రంగా తమరిలోకే ఎక్కించాము.

చివరి రాత్రి సంగతి పుస్తకంలో మా ఇంటి పేరు కిందే రాసుకున్నాను. ఉక్కపోతకు ఆకు కదలడం లేదు. తమరి ఏసీకి కావలసిన కరెంటు కోసం మా కిటికీలోంచి తీగ లాగారు, పది నిమిషాలకు ఫ్యూజు ఎగిరి మా పంకాలు కూడా ఆగిపోయాయి. దాంతో అందరం డాబా మీదికి చాపలు పట్టుకుపోయి పడుకున్నాం. ఏటి మీది గాలి అర్ధరాత్రికి గాని తిరగలేదు. తమరొక్కరే కొబ్బరిచెట్టు కింద తలుపులన్నీ బిగించుకుని, ఎవరి మీదా ఆధారపడకుండా పడుకున్నారు. తెల్లవారుజామున దభీమని చప్పుడైంది. దింపు తీయడానికి ఆ వారమే రావలసిన మనిషి రాలేదు, కాయ తనంతట తానే దిగింది. సోలారు పలకకు తమరిని అద్దెకిచ్చినవారు ఎంత పట్టుకున్నారో మావాడు చెప్పడం లేదు.

తమరి గుడారపు కర్ర ఒకటి మా పెరట్లో ఉండిపోయింది. వెంటనే పంపుదామనే అనుకున్నాము గానీ మా ఆవిడ దాన్ని ఆనపపాదుకు ఆసరాగా నిలబెట్టింది, పాదు అప్పుడే పందిరెక్కి పిందెలు వేసింది. కాపు అయిపోయాక పంపుతాము. అందాకా ఎండలో దానికి తుప్పు పట్టకుండా చూసే పూచీ నాది.

ఇట్లు,
వశిష్ఠ గట్టు కొబ్బరి రైతు