అదే చెట్టు దగ్గరికి మళ్లీ వెళ్లగలగాలి

2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి ములుగు జిల్లా తాడ్వాయి–మేడారం అడవిలో వేలాది చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. పడినవాటిని లెక్కపెట్టడం కష్టమేమీ కాదు. ఏ జాతి చెట్లు ఎక్కువ పడ్డాయి, ఎంత లావువి పడ్డాయి, పక్కనే ఉన్నవి ఎందుకు నిలిచాయి అన్నవే అసలు ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పాలంటే గాలికి ముందు అక్కడ ఏముందో చెట్టు చెట్టునూ కొలిచి రాసిన పుస్తకం ఉండాలి. అది వారం రోజుల పర్యటనలో తయారయ్యేది కాదు. వేర్వేరు మనుషులు ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో రాస్తేనే అవుతుంది.

ఉత్తర తెలంగాణ అడవుల్లో క్షేత్ర పరిశోధన కేంద్రం కావాలన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ స్థలం, భవనం, ప్రారంభోత్సవం చుట్టూ తిరుగుతుంది. ముందు కావలసింది అడవిలో ఎలా కొలవాలో, ఎలా మెలగాలో చెప్పే నియమావళి. గోడలు తర్వాత లేచినా నష్టం లేదు.

అనుమతి దగ్గరే చాలామంది పొరబడుతున్నారు. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల్లో పరిశోధనకు అడుగుపెట్టాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి తీసుకోవాలి. ఆ కాగితంతో లోపలికి వెళ్లొచ్చు, చూడొచ్చు, కొలవొచ్చు. దాన్ని చూపించి పిట్టలకు వల వేస్తే మాత్రం చెల్లదు. పట్టుకుని కొలతలు తీసి క్షేమంగా వదిలేసినా చట్టం దృష్టిలో అది వేటే. దానికి 12వ సెక్షన్ కింద విడిగా అనుమతి కావాలి, చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చిన మొదటి షెడ్యూలు జంతువైతే కేంద్రం ముందస్తు అనుమతీ ఉండాలి. వేసవిలో పని మొదలుపెట్టాలనుకునేవారు దసరా నాటికే దరఖాస్తు పెట్టుకోవడం మంచిది.

ఇక చెట్టు కొలత. మామూలుగా పది మీటర్ల చదరం గీసి అందులో చెట్లను, దానిలోనే ఐదు మీటర్ల చదరంలో పొదలను, ఒక మీటరు చదరంలో గడ్డీ మొలకలను లెక్కిస్తారు. చుట్టుకొలత ఛాతీ ఎత్తులో తీయాలని పుస్తకం చెబుతుంది. ఎవరి ఛాతీ? మన అటవీ లెక్కల్లో అది నేల నుంచి 1.37 మీటర్లు, అంటే నాలుగున్నర అడుగులు. అంత పొడవున్న కర్ర ఒకటి కోసి వెంట పెట్టుకోవాలి, కళ్లతో అంచనా వేయకూడదు. వాలు నేల మీద ఎగువ వైపు నిలబడి కొలవాలి. టేకు మొదలు దగ్గర గాడులుంటాయి, అవి 1.37 దాకా పాకితే వాటికి పైన కొలిచి, ఆ ఎత్తెంతో పుస్తకంలో రాయాలి. టేపు ఏటవాలుగా పడితే కొలత ఎక్కువొస్తుంది, తీగ మీదుగా పోయినా అంతే. ఏడాదికి ఒక సెంటీమీటరు లావెక్కని చెట్లు ఈ అడవుల్లో కొల్లలు. కొలతలోనే ఒక సెంటీమీటరు తప్పితే ఆ ఏడాది పెరుగుదల అంతా అందులో కలిసిపోయినట్టే. కొలిచిన చోట రంగుతో చుట్టూ సన్నని గీత గీస్తే మరుసటేడు ఎవరు వచ్చినా టేపు అక్కడే పడుతుంది.

చెట్టును గుర్తుపట్టడానికి కొట్టే నంబరు బిళ్ల విషయంలో మరీ అన్యాయం. ఇనుప మేకు నాలుగు వానలకు తుప్పు పడుతుంది. అల్యూమినియం మేకు, అల్యూమినియం బిళ్ల వాడాలి. కొలిచే చోటికి ఒక జానెడు పైన కొట్టాలి, లేకపోతే మేకు చుట్టూ కాయ కట్టి కొలత చెడుతుంది. మేకు తల రెండు మూడు సెంటీమీటర్లు బయటికి ఉంచాలి. మొత్తం దిగ్గొడితే చెట్టు లావెక్కుతూ బిళ్లను మింగేస్తుంది. పదేళ్ల తర్వాత వచ్చినవాడికి కనిపించేది బెరడు మీద ఒక ముడత.

ముందు ఏదైనా కదిలితే దానంతటదే ఫొటో తీసే ట్రాప్ కెమెరాలకూ ఇదే వరస. పులుల గణనలో రెండు చదరపు కిలోమీటర్లకు ఒక జత పెడతారు, ఎందుకంటే పులి కుడి పక్క చారలూ ఎడమ పక్క చారలూ ఒకటి కావు. మోకాలి ఎత్తుకు కాస్త కింద కట్టాలి. రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఉంటే ఒకదాని వెలుగు రెండోదాని చిత్రాన్ని పాడుచేస్తుంది, కొంచెం పక్కకు జరపాలి. తూర్పు పడమరల వైపు చూసే కెమెరా పొద్దున, సాయంత్రం ఎండకు ఊరికే క్లిక్కుమంటుంది. ముందున్న గడ్డి కోయకపోతే కార్డు నిండా గాలికి ఊగే గడ్డే. అన్నిటికన్నా పెద్ద తప్పు బ్యాటరీ మార్చాక తేదీ, సమయం చూడకపోవడం. కొన్ని కెమెరాల్లో గడియారం మొదటికి పోతుంది, నెల రోజుల సమాచారం ఏ తేదీదో తెలియకుండా పోతుంది. తేదీ, గంట రాసిన పలకను ముందు పట్టుకుని ఒక ఫొటో తీయిస్తే సరిపోయేదానికి ఎందుకో బద్ధకం.

పాకాల చెరువు నీటిలో ఆక్సిజన్ చూడాలనుకునేవారు నమూనాను సీసాలో పట్టి వరంగల్ ల్యాబ్‌కు మోసుకొస్తే ప్రయోజనం లేదు. గట్టు మీదే రసాయనాలు కలిపి అందులోని ఆక్సిజన్ మారకుండా నిలపాలి.

అడవి క్యాలెండరు కూడా నియమావళిలో ఉండాలి. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర. ఆ రోజుల్లో తాడ్వాయి చుట్టుపక్కల తీసిన జంతువుల లెక్కను మామూలు రోజుల లెక్కలో కలపకూడదు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద ఎలుగుబంటి ఉంటుంది, అక్కడి చదరాలను ఎండెక్కాకే కొలవాలి.

ఎలుగు కన్నా మాకు ఎక్కువ భయం కరెంటు తీగలంటే. అడవి పందుల కోసం పొలాల అంచున, దారుల అడ్డంగా వేటగాళ్లు పెట్టే తీగలకు మనుషులూ బలవుతున్నారు. చీకటి పడ్డాక నడక పూర్తిగా నిషేధించాలి. ఒంటరిగా వెళ్లనివ్వకూడదు. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో బేస్ క్యాంపులో రాసి వెళ్లాలి. ఆ వేళ దాటితే ఎవరు వెతకడానికి బయలుదేరాలో కూడా అందులోనే ఉండాలి, లోపల చాలాచోట్ల ఫోన్ అందదు. పాము కాటేస్తే కట్టు బిగించడం, కోయడం వద్దు. కాలు కదలకుండా ఉంచి యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. అది ఎక్కడ దొరుకుతుందో అడవిలోకి వెళ్లే ముందే కనుక్కోవాలి.

దారి చూపేది, చెట్ల పేర్లు చెప్పేది ఎక్కువగా కోయ గూడేల వాళ్లు. రోజు కూలి ముందే మాట్లాడి అదే రోజు ఇవ్వాలి, నివేదికలో వాళ్ల పేరుండాలి. పరిశోధన ముగిశాక కొలతల నకలు ఒకటి రేంజ్ ఆఫీసులో, ఒకటి ఊరి జీవవైవిధ్య కమిటీకి తెలుగులో ఇవ్వాలి. పులి తిరిగే చోటు, రాబందు గూడు ఉన్న గుట్ట అక్షాంశ రేఖాంశాలు మాత్రం ఆ నకళ్లలో ఉండకూడదు. అవి సీలు చేసిన కవరులో అటవీశాఖ దగ్గరే ఉండాలి.

ఇదంతా ఇరవై పేజీల్లో పడుతుంది. విశ్వవిద్యాలయాల వృక్ష, జంతుశాస్త్ర విభాగాలు, అటవీశాఖ కూర్చుని ఈ తొలకరిలోపు రాసి, ములుగు, మంచిర్యాల, ఆసిఫాబాద్ రేంజ్ ఆఫీసులన్నిటికీ పంపాలి. అనుమతి పత్రానికి దాన్ని జతచేసి, చదివినట్టు సంతకం తీసుకున్నాకే గేటు తీయాలి.