ఉద్యోగాల మధ్య చదరంగం: మనం చేస్తున్నది సాధనేనా?

నలభైకి అటూ ఇటూగా ఉన్న వయసులో చదరంగం మీద మళ్లీ మనసు పడి, ఇంట్లో అందరూ పడుకున్నాక ఫోన్ తెరిచే నాబోటివాళ్లు ఈమధ్య చాలామంది తయారయ్యారు. 2024 డిసెంబరులో గుకేశ్ సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, అదే నెలలో కోనేరు హంపి న్యూయార్క్‌లో రెండోసారి మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయపు ఆట) టైటిల్ గెలిచారు, మన వరంగల్ అర్జున్ ఎరిగైసి రేటింగ్‌లో, అంటే ఆటగాడి బలాన్ని చూపే అంకెలో, 2800 దాటాడు. ఇంత జరిగాక ఉత్సాహం రాకపోతేనే ఆశ్చర్యపడాలి. అయితే ఆ ఉత్సాహంలో మనం రోజూ చేస్తున్న పనిని సాధన అనడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు.

మూడు నిమిషాల బ్లిట్జ్ ఆటలు నాలుగైదు, ఓడిన ఉక్రోషంలో మరో రెండు, ఆపైన సిసీలియన్ నైడార్ఫ్ అనే ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల వరస) మీద ఒక వీడియో, పండగ ఆఫర్‌లో కొన్న ఓపెనింగ్ కోర్సులో సగం అధ్యాయం: మనలో ఎక్కువమంది దినచర్య ఇదే. నైడార్ఫ్‌ను పదిహేనో ఎత్తు దాకా కంఠతా పట్టినవారికి 1500 రేటింగ్ స్థాయిలో అంతదూరం తోడు వచ్చే ప్రత్యర్థి దొరకడమే అరుదు. అవతలివాడు ఐదో ఎత్తుకే పుస్తకం వదిలేసి తనకు తోచింది ఆడతాడు. అక్కడి నుంచి మన కోర్సు ఏమీ చెప్పదు.

ఓపెనింగుల పిచ్చినైనా భరించవచ్చు గానీ, ఆట ముగిసిన మరుక్షణం ఇంజన్ (ఎత్తుల మంచిచెడ్డలు లెక్కగట్టే ప్రోగ్రామ్) నొక్కే అలవాటును నేను భరించలేను. స్టాక్‌ఫిష్ వంటి ఇంజన్ ఉచితంగా చేతికి రావడం ఒక వరం, కాదనను. కానీ అది ఎర్ర గుర్తు పెట్టి చూపించేది చెడ్డ ఎత్తును మాత్రమే, ఆ ఎత్తు వెనకున్న మన ఆలోచన దానికి తెలియదు. ఒక మిత్రుడు తన ఆటలను నోటుబుక్కులో రాసుకుని, ప్రతి ఎత్తు పక్కన అప్పుడు తనకేమనిపించిందో, గడియారంలో ఎంత సమయం మిగిలిందో కూడా రాస్తాడు. ఆ పుస్తకం తిరగేస్తుంటే ఒకే వాక్యం ఆట తర్వాత ఆటలో కనిపించింది: ‘గుర్రం జీ4కి వస్తుందేమోనని హెచ్3.’ అంటే ఆ గుర్రాన్ని రానివ్వకుండా బంటును హెచ్3 గడికి జరపడం. వాటిలో చాలా సందర్భాల్లో ఆ గుర్రానికి జీ4కి వచ్చే పనే లేదు. ఇంజన్‌కు హెచ్3 మీద పెద్దగా అభ్యంతరం ఉండదు, తేడా పాయింటులో నాలుగో వంతు కూడా రాదు కాబట్టి అది ఎర్ర గుర్తు పెట్టదు. ఆ మనిషి ఆటను వెనక్కి లాగుతున్నదంతా ఆ భయమేనని మాత్రం చేత్తో రాసుకున్న ఆ కాగితమే పట్టిచ్చింది.

ఇక ముగింపు ఆటల సంగతి, అంటే కొద్ది పావులే మిగిలిన దశ. సింగపూర్‌లో గుకేశ్, అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ ఇద్దరూ సమానంగా నిలిచి చివరిదైన పద్నాలుగో ఆటకు వచ్చారు. ఏనుగు, శకటు (బిషప్), కొన్ని బంట్లు మిగిలిన స్థితిలో గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ, అయినా అది డ్రా కావలసిన ఆటే. 55వ ఎత్తులో డింగ్ లిరెన్ తన ఏనుగును ఎఫ్2కి తెచ్చి మార్పిడికి అవకాశమిచ్చాడు. ఏనుగులు పోయాక గుకేశ్ తన శకటును డీ5లో పెట్టేసరికి మూలన ఏ8లో ఉన్న డింగ్ శకటుకు తప్పుకునే గడి లేకపోయింది. శకటులూ పోయాయి, రాజులూ బంట్లూ మిగిలాయి, ఆ ఆట ఎటు తిరుగుతుందో ఇద్దరికీ తెలుసు. ఆ సాయంత్రం మన గ్రూపులన్నీ ఆ తప్పిదాన్ని చూసి నవ్వుకున్నాయి. అదే బంట్ల ముగింపును బోర్డు మీద పెట్టి గెలిచి చూపించమంటే, నవ్వినవారిలో ఎంతమంది ముందుకు వస్తారో నాకు అనుమానమే.

ఏనుగుల ముగింపులో లూసెనా, ఫిలిడోర్ అనే రెండు స్థితులు ఒక ఆదివారం మధ్యాహ్నంలో నేర్చుకోగలిగినవి. గెలవవలసిన పక్షం బంటు ఏడో వరుసలో, రాజు దాని ముందు చివరి గడిలో ఉన్నప్పుడు, ఏనుగును నాలుగో వరుసకు తెచ్చి, రాజును బయటికి తీసి, చెక్కులకు (రాజు మీద దాడులకు) తప్పుకుంటూ కిందికి దిగి, చివరి చెక్కుకు ఆ ఏనుగును అడ్డం పెట్టడం లూసెనా. కాపాడుకునేవాడు రాజును బంటు దారిలో ఉంచి, ఏనుగును తన వైపు నుంచి మూడో వరుసలో నిలిపి, బంటు ఆ వరుసలోకి అడుగు పెట్టగానే ఏనుగును అవతలి చివరకు పంపి వెనక నుంచి చెక్కులు ఇవ్వడం ఫిలిడోర్. వీటికి డిస్కౌంట్ కోర్సు అక్కరలేదు, నైడార్ఫ్ లాగా రెండేళ్లకోసారి మారవు కూడా.

‘ఈ వయసులో బుర్రకెక్కదండీ’ అనేవారికి 1973లో ఛేజ్, సైమన్ అనే పరిశోధకులు చేసిన పని గుర్తుచేయాలి. నిజమైన ఆటలోని స్థితిని ఐదు సెకన్లు చూపిస్తే మాస్టర్ కొత్తవాడికంటే చాలా ఎక్కువ పావులను తిరిగి పేర్చగలిగాడు, పావులను అడ్డదిడ్డంగా పెట్టి చూపిస్తే మాత్రం కొత్తవాడికంటే ఏమంత మెరుగనిపించుకోలేదు. అంటే మాస్టర్‌కు ఉన్నది అసాధారణ జ్ఞాపకశక్తి కాదు, తరచి చూసిన స్థితుల నిల్వ. పిల్లలకు ఆ నిల్వ త్వరగా పెరుగుతుందన్నది నిజమే. మనకు నెమ్మదిగా పెరుగుతుంది, బ్లిట్జ్‌లో మూడు నిమిషాలకొకటి చొప్పున జారిపోయే స్థితులతో మాత్రం అసలే పెరగదు.

రేటింగ్‌ను చూసి కుంగిపోవడమూ, పొంగిపోవడమూ రెండూ దండగే. 2024 మార్చిలో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే 2000 లోపు రేటింగులను ఒక్కసారిగా సవరించినప్పుడు 1500 ఉన్నవారు నిద్ర లేచేసరికి 1700 అయ్యారు, అభినందనలు కూడా అందుకున్నారు! సమాన రేటింగు ఉన్నవారిని గెలిస్తే 30 ఆటలు దాటిన మన స్థాయి పెద్దవారికి వచ్చేది 10 పాయింట్లు, పిల్లలకు 20. వాళ్ల రేటింగ్ వాళ్ల ఆట వెనకాలే పరుగెడుతూ ఉంటుంది కనుక, 1450 ఉన్న పదేళ్ల పిల్ల చేతిలో ఓడిపోవడం తలవంపు కానే కాదు.

అసలు లోటు నిదానపు ఆట. మన దగ్గర వారాంతాల్లో జరిగేవి ఎక్కువగా ర్యాపిడ్ పోటీలు, క్లాసికల్ (గంటలకొద్దీ సాగే ఆట) ఆడాలంటే నాలుగైదు రోజులు సెలవు పెట్టాలి. నిర్వాహకులు వారానికొక ఆట చొప్పున రెండు నెలలు సాగే పోటీ ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు. వాళ్లు పెట్టేదాకా ఆగనక్కరలేదు. చెరొక గంట సమయం, ఎత్తులు రాసుకోవడానికి కాగితం, ఆట ముగిశాక ఇంజన్ తెరవకుండా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడానికి మరో గంట చాలు. కూకట్‌పల్లి, మియాపూర్ వైపు ఉన్నవారిలో ఆదివారం ఉదయాలు ఖాళీ ఉన్నవారెవరైనా చెప్పండి, బోర్డూ గడియారమూ నా దగ్గర ఉన్నాయి.